నిద్రవార్డులో ఉన్నమాట కూటం

లాగ్ – 1

మళ్ళీ తెర పోయింది. నేల మీద దుమ్ము లేచిందంటే చాలు, తెర మీది డాక్టర్ల మొహాలు మాయమైపోతాయి. ఆరో మంచం మీది మనిషి మేలుకొలుపుకు సిద్ధంగా ఉన్నాడు. నాడి బాగుంది, వంటి రంగు బాగుంది, నెమ్మదిగా వెచ్చబెట్టి లేపడమే తరువాయి. కానీ లేపమని చెప్పాల్సిన డాక్టరుగారు ఎక్కడో చల్లటి దేశంలో కూర్చుని ఉన్నారు. ఆయన తెర మీదికొచ్చి ‘ఊ’ అంటే తప్ప నేను మీట తాకకూడదు. ఇన్నేళ్ళ నర్సు సర్వీసు పెట్టుకుని, నర్సింగు ఎమ్మెస్సీ చివరి సంవత్సరానికి వచ్చి, నేను చేయగలిగిందల్లా ఆయన ‘ఊ’ కోసం నోరు తెరుచుకుని చూడటం. కడుపు మండదా?

ఆ మనిషి పలకలు తుడిచేవాడు. నేల కిందున్న మా దిగువపట్నానికి కరెంటంతా మీదున్న ఎండ పలకల నుంచే వస్తుంది. వాటి మీద దుమ్ము తుడవడానికి రోజూ ఎవరో ఒకరు మీదికి పోవాలి, రోజూ ఎవరో ఒకరికి ఎండదెబ్బ తగులుతుంది. అలా తగిలినవాళ్ళను కిందికి దింపి, ఒళ్ళు బాగా చల్లబరిచి, కొన్నాళ్ళు చల్లనిద్రలో ఉంచుతాం. లోపలి దెబ్బ మానాక వెచ్చబెట్టి లేపుతాం. సరైన వేళకు లేపితే మనిషి మనిషిలా లేస్తాడు. ఆలస్యమైతే చలికి కాళ్ళో చేతులో పోతాయి.

దుమ్ము తగ్గి డాక్టరుగారు కనబడేసరికి పొద్దు గూకింది. ఆరో మంచం మనిషి లేచాడు గానీ ఎడమ కాలు లేవలేదు.

మా కోర్సు టీచరు ఇందుమతి మేడం చెప్పారు: “కోపమంతా లాగ్‌లో రాసుకో మాబూ. ఆసుపత్రి బోర్డు ముందర మాత్రం నవ్వుతూ ఉండు. మనకు కావలసింది వాళ్ళ చేతుల్లో ఉంది.” కోర్సులో ప్రతి ఒక్కరూ లాగ్ రాసుకోవాలట. ఎవరికీ చూపించనక్కర్లేదట. మంచిది, నాకు తిట్టుకోవడానికి చోటు దొరికింది.

లాగ్ – 4

ఇవాళ్టి నుంచి నిద్రవార్డుకు నేను ఇన్‌ఛార్జిని. కోర్సులో దీన్ని నాయకత్వ పోస్టింగ్ అంటారు. ఇది పాసైతే పెద్దసిస్టర్‌నవుతాను. తెర పోయినప్పుడు డాక్టరును అడక్కుండా మేలుకొలుపు చేసే అధికారం పెద్దసిస్టర్లకు ఇప్పించాలని ఇందుమతి మేడం ఏళ్ళ తరబడి బోర్డుతో కొట్లాడుతున్నారు. నన్ను కోర్సులో చేర్చుకున్న రోజే చెప్పారావిడ. “డిగ్రీ కోసం రాలేదు నువ్వు. ఆ మీట కోసం వచ్చినావు.” అప్పటి నుంచి ఆవిడ ఏం చెబితే అది నాకు శాసనం. నన్ను కన్నతల్లి కూడా అంత నమ్మకంగా చూడలేదు.

పోస్టింగ్‌లో నాకిచ్చిన పని ఉన్నమాట కూటం నడపడం. వారానికొకసారి వార్డు నర్సులంతా దుప్పట్ల గదిలో నేల మీద కూర్చోవాలి. టీ తాగుతూ ఆ వారం తాము చేసిన తప్పులు చెప్పుకోవాలి. రాసుకోవడాలు లేవు, శిక్షలు లేవు, పేర్లు గది దాటవు. తప్పు ఎవరిదని వెతికితే తప్పులు దాక్కుంటాయి, ఎందుకు జరిగిందని వెతికితే బయటపడతాయి. ఇదీ మేడం పాఠం.

మొదటి కూటం నవ్వులాటగా ముగిసింది. ఒక్కరు పెదవి విప్పితే ఒట్టు. అందరిలోకీ చిన్నది లింగేశ్వరి, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. అదొక్కటే ధైర్యం చేసి, “మాబక్కా, బిస్కెట్లు మెత్తబడినాయి, అది చెప్పొచ్చా?” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల ఏడుపొచ్చింది.

పోయేముందు సువార్తక్క నా దగ్గర ఆగింది. వార్డులో అందరికన్నా సీనియరు ఆవిడే. పోయిన ఎండల్లో, పలకలు తుడిచేవాళ్ళ కోసం మీద పెట్టిన క్యాంపులో డ్యూటీలో ఉండగా ఆవిడకే దెబ్బ తగిలింది. ఇదే వార్డులో పడుకుని లేచింది. ఒకసారి దెబ్బ తగిలిన ఒళ్ళు రెండోసారి తట్టుకోదు కాబట్టి అలాంటివాళ్ళను మళ్ళీ మీదికి పంపరు, అది రూలు. ఆవిడ నా భుజం తట్టి, “తొందర పడాకమ్మీ. నోళ్ళు తెరుచుకోవాలంటే ముందు గుండెకాయ కుదుట పడాల,” అంది.

లాగ్ – 9

ఇవాళ సువార్తక్క చెప్పేసింది. టీ గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, సంతలో కూరగాయల బేరం చెప్పినంత మామూలుగా చెప్పింది.

“పోయిన నెల రెండో మంచం పిల్లోడి కాలివేళ్ళు చచ్చుబడినాయి కదా. మిషను చెడిపోయిందని అందరూ అనుకున్యారు. మిషనుకేం రోగం? చేసింది నేనే.”

మేలుకొలుపు జరిగేటప్పుడు మనిషి మెడ మీద వేడిపట్టీ ఒకటి అంటించి ఉంటుంది. ఒళ్ళు ఎంత వెచ్చబడిందో అది చెబుతుంటే మిషను దాని ప్రకారం వేడి పెడుతుంది. ఇక్కడొక చిక్కుంది. మనిషిని పక్కకు తిప్పేటప్పుడు పట్టీ నలిగితే మిషను వార్డంతా ఎగిరిపోయేలా అరుస్తుంది. అందుకని సువార్తక్క పట్టీ తీసి తన మణికట్టుకు అంటించుకుని, మనిషిని తిప్పి, మళ్ళీ మెడకు అంటించేది. ఆ రోజు తిప్పాక పక్క మంచం నుంచి ఎవరో పిలిచారు. పట్టీ ఆవిడ చేతికే ఉండిపోయింది. మిషను ఆవిడ ఒంటి వెచ్చదనం చూసి, ఆహా, మనిషి లేచే వేళయిందనుకుని వేడి ఆపేసింది. ఆ పిల్లాడు సగం చలిలో అలాగే పడి ఉన్నాడు.

చెప్పడం అయ్యాక ఆవిడ ఏడ్చింది. “ఆ పిల్లోడు కుంటుకుంటా ఎదురొస్తాడమ్మా రోజూ. నమస్తే సిస్టర్ అంటాడు. నేను ఏ మొగం పెట్టుకుని చూడాల?”

అప్పుడు లింగేశ్వరి నెమ్మదిగా చెయ్యెత్తింది. “అక్కా, నేనూ పట్టీ చేతికే పెట్టుకుంటా.” దాని వెనకాలే ఇంకో చెయ్యి. ఇంకోటి. చూస్తే వార్డు వార్డంతా అదే పని! మిషను అరుపుకు భయపడి ప్రతి ఒక్కరూ చేసేదే, ఎవరికి వాళ్ళు తామొక్కరే చేస్తున్నామనుకుంటూ చేసేదే. ఒకరి మొహాలొకరు చూసుకుని పకపకా నవ్వారు, నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు.

అక్కడికక్కడే ఒక మాట అనుకున్నాం. ఇకమీదట మనిషిని తిప్పాలంటే ఇద్దరుండాలి. పట్టీ తీసినవాళ్ళు ‘తీశాను’ అని గట్టిగా అనాలి, అంటించేదాకా రెండోవాళ్ళు కదలకూడదు. ఇంతే. ఇంత చిన్న మాట కోసం ఒక పిల్లాడి కాలివేళ్ళు పోయాయి.

లాగ్ – 10

గురువారం. గురువారాలు ఇందుమతి మేడంతో నీళ్ళ సొరంగం పక్కన నడవడం నా కోర్సులో భాగం. ఒకప్పుడు నాపరాళ్ళు తవ్విన గనుల్లోనే మా ఊరుంది, ఆ సొరంగం ఊరి మొత్తానికీ చల్లటి చోటు. మేడం డబ్బాలో బొరుగుల ఉగ్గాణి తెచ్చారు, మిరపకాయ బజ్జీ కూడా. “తిను. చిక్కిపోయినావు,” అన్నారు.

కూటం సంగతి చెప్పాను. ఆవిడ నడక ఆపేశారు. ఆ కళ్ళల్లో మెరుపు చూస్తే నాకు పతకం ఇచ్చినట్టయింది.

“ఎవరు చెప్పింది మొదట?”

“పేర్లు గది దాటకూడదు కదా మేడం,” అన్నాను. మేడం నవ్వి, “పిచ్చిదానా, నేను నీకు నేర్పించేదాన్ని. మనిద్దరిదీ కూడా కూటమే. పేరు తెలియకుండా నీకు సలహా ఎట్ల ఇస్తా?” అన్నారు.

నిజమే కదా అనిపించింది. చెప్పాను. గొప్పగా కూడా చెప్పాను, సరదా పట్టలేక. “పాపం సువార్తక్క, మనిషికి బదులు తన మణికట్టుకు మేలుకొలుపు చేసింది మేడం!” అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆవిడ మిగిలిన బజ్జీ నా చేతిలో పెట్టి, “ఇట్లాంటి వార్డును నేను పుస్తకాల్లో చదివినా గానీ కళ్ళతో చూడలేదు మాబూ,” అన్నారు. ఇంటికి వచ్చేదాకా నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

లాగ్ – 17

వార్డు బ్రహ్మాండంగా నడుస్తోంది. దిష్టి తగులుతుందేమో గానీ రాయకుండా ఉండలేను. పట్టీ పొరపాటు మళ్ళీ జరగలేదు. కూటంలో ఇప్పుడు నేనే ‘చాలు, టైమైంది’ అని లేపాల్సి వస్తోంది. మందుల అలమరలో రెండు సీసాలు ఒకేలా ఉన్నాయని ఒకరు, తెల్లవారు డ్యూటీలో తూలిపోతున్నానని ఒకరు. ఏదైనా చెప్పేస్తున్నారు, దానికి మందు అందరం కలిసి వెతుకుతున్నాం. సువార్తక్క ఆ కుంటి పిల్లాడిని పిలిచి ఉన్న సంగతి చెప్పిందట. వాడు కాసేపు అలిగి, మర్నాడు తన కాలికి సరిపోయే చెప్పులు కుట్టించి పెట్టమని ఆవిడకే పని చెప్పాడట. చెప్పులు వచ్చాయి కూడా.

మేడం బోర్డుతో మాట్లాడుతున్నారు. ఈసారి అధికారం వచ్చేలా ఉందని ఊరంతా అనుకుంటోంది. “నీ వార్డే నా ఆయుధం,” అన్నారు గురువారం. నేను పొంగిపోయాను. ఆయుధమంటే ఎవరి మీదికో అడగలేదు.

లాగ్ – 22

అధికారం వచ్చింది.

సభ జరిగే గుహ కిటకిటలాడింది. బోర్డు అధ్యక్షుడు లేచి, తెర పోయిన వేళల్లో పెద్దసిస్టర్లు సొంతంగా మేలుకొలుపు చేయవచ్చని చదివాడు. ఒకటే చప్పట్లు. లింగేశ్వరి నన్ను కౌగిలించుకుని గంతులేసింది. ఎవరో నా నోట్లో కజ్జికాయ కుక్కారు.

ఆయన ఇంకా కూర్చోలేదు.

“నర్సులు తమలోని తప్పులను తామే పట్టుకుని తామే దండించగలరని రుజువైన తరువాతే ఈ నిర్ణయం తీసుకున్నాం,” అన్నాడు. “ఉదాహరణకు నిద్రవార్డులో సువార్త అనే నర్సు వేడిపట్టీని తన చేతికి అంటించుకుని, మనిషికి బదులు తన మణికట్టుకు మేలుకొలుపు చేసింది. ఒకరి కాలివేళ్ళు పోయాయి. క్రమశిక్షణ కింద, మీదికి పోనక్కర్లేదని ఆమెకున్న మినహాయింపు రద్దు చేస్తున్నాం. ఈ ఎండాకాలం ఆమె మీది క్యాంపులో పనిచేస్తుంది.”

నోట్లో కజ్జికాయ అలాగే ఉండిపోయింది. ఆ మాట నాది. ‘తన మణికట్టుకు మేలుకొలుపు’ అని కూటంలో ఎవరూ అనలేదు. నేనన్నాను, నీళ్ళ సొరంగం పక్కన, బజ్జీ తింటూ, ఒకే ఒక్క మనిషితో.

వేదిక మీద ఇందుమతి మేడం చప్పట్లు కొడుతున్నారు. నా వైపు చూడలేదు. సువార్తక్క మాత్రం చూసింది. ఆ చూపు తట్టుకోలేక నేను తల దించుకున్నాను, దించుకోగానే నేరం ఒప్పుకున్నట్టయింది.

లాగ్ – 23

మేడం దగ్గరికి పోయాను. ఆవిడ సొరంగం పక్కనే ఉన్నారు, నేను వస్తానని తెలిసినట్టే. డబ్బా కూడా ఉంది. దాన్ని ఎత్తి నీళ్ళలోకి గిరాటెయ్యాలనిపించింది.

“మీరే చెప్పారా?”

“నేనే చెప్పినా.” తడుముకోలేదు, బుకాయించలేదు. “బోర్డు ఒకే ఒక్క మాట అడిగింది. మీకు అధికారమిస్తే మీలో తప్పు చేసినవాళ్ళను మీరే మాకు పట్టిస్తారా అని. ఒక్క పేరు చూపించమన్నారు. చూపించినా.”

“శిక్షలుండవని చెప్పమన్నది మీరే కదా మేడం! నా నోటితో వాళ్ళకు ఒట్టేయించింది మీరే కదా!”

“అవును. అది మంచి పద్ధతి. ఇప్పటికీ మంచి పద్ధతే.”

“సువార్తక్కకు ఇంకోసారి ఎండదెబ్బ తగిలితే బతకదు.”

“తగలకపోవచ్చు కూడా.” ఆవిడ గొంతు కొంచెం సన్నబడింది. “మాబూ, తెర పోయిన ప్రతిసారీ ఎంతమంది కాళ్ళు పోతుండాయో నీకు తెలుసు. ఇకమీద పోవు. దానికి నాకు ఒక్కటే దారి కనబడింది. నాయకత్వమంటే అప్పుడప్పుడు ఇదే. నీ చేతికి మట్టి అంటకూడదని నేను చేసినా.”

“నన్ను ఒక్క మాట అడగాల్సింది.”

“అడిగితే ఒప్పుకునేదానివా?”

“చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు.”

“అందుకే అడగలేదు.”

ఏం మాట్లాడాలి ఆ మనిషితో? నమ్మించి గొంతు కోసి, కోసింది నా మంచికేనంటోంది. రెండేళ్ళు నేను కూతురిలా తిరిగాను ఆవిడ చుట్టూ. అసహ్యం ఆవిడ మీదో నా మీదో తెలియడం లేదు.

లాగ్ – 24

బోర్డు ఆఫీసుకు పోయి సువార్తక్క బదులు నన్ను పంపమన్నాను. అక్కడి గుమాస్తా నా కాగితాలు చూసి నవ్వాడు. “మిమ్మల్ని ఎట్ల పంపుతాం మేడం? పెద్దసిస్టర్ కాబోయేవాళ్ళను మీదికి పంపరు. మీ చదువు మీద ఊరు ఎంత ఖర్చు పెట్టింది!” అన్నాడు. నా చదువు నన్ను కాపాడుతోందట. దేవుడా.

సువార్తక్క సంచి సర్దుకుంటోంది. నేను గుమ్మంలో నిలబడి, “అక్కా, బోర్డుకు నేను చెప్పలేదు. మేడంతో...” అని మొదలుపెట్టాను.

“తెలుసులే. నువ్వు చెడ్డదానివి కాదు.” తల ఎత్తకుండానే దుప్పటి మడత పెట్టింది. “కానీ నేను చెప్పింది మేడానికి కాదు, కూటానికీ కాదు. నీ మొగం చూసి నీకు చెప్పినా. ఈ అమ్మి దగ్గర నా పాపం దించుకుంటే బయటికి పోదనుకున్యా.”

“పెద్దసిస్టర్ సర్టిఫికెట్ వద్దని రాసిస్తాను. వాళ్ళ మొహాన కొడతాను.”

“ఏమిటికి? నేను మీద మాడేది చాలక, కింద మీట నొక్కేదానికి కూడా ఎవరూ లేకుండా చేస్తావా? తీసుకో. తీసుకుని నీ పని చెయ్యి.” సంచి భుజానికి వేసుకుని నా పక్కనుంచి పోయింది. ఎప్పుడూ పోతూ భుజం తట్టేది. ఇవాళ తట్టలేదు.

లాగ్ – 31

పెద్దసిస్టర్ బిళ్ళ ఇచ్చారు. ఇందుమతి మేడమే నా కొంగుకు గుచ్చారు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి ఆవిడకు, నిజమైన నీళ్ళే. అదే నాకు ఇంకా మంటగా ఉంది.

వార్డులో అందరూ ఇప్పుడు నన్ను ‘మేడం’ అంటున్నారు. మాబక్క అనే పిలుపు ఆ సభ జరిగిన రోజుతోనే పోయింది. నేను రాగానే మాటలు ఆగిపోతాయి, లేచి నిలబడతారు. మర్యాదకేం లోటు లేదు. ఆ మర్యాద నాకు చెంపదెబ్బలా ఉంది.

కూటానికి అందరూ టైముకు వస్తున్నారు. టీ తాగుతారు. నేను ఒక్కొక్కరినీ అడుగుతాను. “ఏమీ లేదు మేడం.” “ఈ వారం అంతా బాగుంది మేడం.” లింగేశ్వరి కూడా అంతే, గ్లాసులోకి చూస్తూ, “ఏమీ లేదు మేడం.” బిస్కెట్లు మెత్తబడినా ఎవరూ చెప్పరు.

లాగ్ – 38

ఇవాళ సువార్తక్కను కిందికి దింపారు. మళ్ళీ ఎండదెబ్బ.

క్యాంపులోనే చల్లబరిచి నిద్రలో పెట్టారట. దుమ్ముకు మీది దారి మూసుకుపోయి అక్కడే ఉంచేశారు. మా చేతికి వచ్చేసరికి మేలుకొలుపు వేళ అయిపోయింది. తెర లేదు. ఉంటే మాత్రం నాకేం, ఇప్పుడు అధికారం నాది. మేలుకొలుపు మొదలుపెడుతున్నామని చెప్పాను. ఆ మాట అనడానికి ఇన్నేళ్ళు చదివాను. అన్నాను గానీ ఏ మాత్రం సంతోషం లేదు.

వెచ్చబెట్టే ముందు వణుకు ఆపే సూది ఒకటి వేయాలి. వేయకపోతే ఒళ్ళు వెచ్చబడుతున్నకొద్దీ వణుకు మొదలై గుండె చిందరవందర అవుతుంది. పొరపాటున రెండుసార్లు వేస్తే గుండె ఆగిపోతుంది. నేను మీట దగ్గరికి వచ్చి చూసేసరికి మంచం పక్కన ట్రేలో ఆ మందు సీసా పగిలి ఉంది. ట్రే తడిగా ఉంది. సూది వేశాక పగిలిందా, వేయకముందే పగిలి మందంతా ట్రేలోకి పోయిందా?

ఆ మంచం డ్యూటీ లింగేశ్వరిది.

“సూది వేశావా?”

“వేసినా మేడం.”

“సీసా ఎప్పుడు పగిలింది?”

“వేసినాక.”

“నా మొహం చూసి చెప్పు.”

చూసింది. కళ్ళు నిండుగా ఉన్నాయి. “వేసినా మేడం,” అంది మళ్ళీ. అది నిజమో భయమో నాకు అంతు చిక్కలేదు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నేల చూపులు చూస్తున్నారు. వాళ్ళకు తెలిసి ఉంటుంది, లేదా వాళ్ళకూ తెలియదేమో. ఒకప్పుడైతే నేను అడగక ముందే, ‘అక్కా, పగలగొట్టినా, ఇంకోటి తెస్తుండా’ అని కేక వినబడేది.

లింగేశ్వరి చేతులు పట్టుకున్నాను. “అమ్మా, అక్కడ పడుకున్నది మన సువార్తక్క. వేయకపోయినా పర్లేదు, ఇప్పుడు వేస్తాం. నిన్ను ఎవరూ ఏమీ అనరు. నా మాట.”

అది చేతులు వెనక్కి తీసుకుంది.

“పోయినసారి కూడా మీ మాటే కదా మేడం.”

దాని తప్పేం లేదు, ఆ మాటలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. నా మాట మీద నమ్మకం ఉండటానికి నేనేం మిగిల్చాను?

ఇక దారి ఒక్కటే. ఒకవేళ సూది వేసి ఉంటే ఆ మందు బలం పూర్తిగా తగ్గేదాకా ఆగాలి, ఆగి అప్పుడు నా చేత్తో వేయాలి. అప్పటిదాకా ఆవిడ చలిలోనే ఉండాలి. చలిలో ఉంటే ఏమవుతుందో మా వార్డులో ఊడ్చేవాళ్ళకు కూడా తెలుసు. మీట నా చేతిలో ఉంది, అధికారం నా కొంగుకు గుచ్చి ఉంది, నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆవిడ చేతులు రుద్దుతూ ఉండిపోయాను. కుడి చెయ్యి నీలం తిరగడం నా కళ్ళతోనే చూశాను.

లాగ్ – 39

సువార్తక్క లేచింది. మాట బాగుంది, జ్ఞాపకం బాగుంది. కుడి చెయ్యి మాత్రం ముడుచుకోవడం లేదు. ముప్ఫై ఏళ్ళుగా నాడి పట్టిన చెయ్యి.

నేనే చెప్పాను. సీసా సంగతి, ఆగిన సంగతి, ఎందుకు ఆగానన్నది. ఆవిడ నర్సు, దాచి లాభం లేదు. ఆవిడ చాలాసేపు ఆ చెయ్యిని ఎడమ చేత్తో ఎత్తి చూసుకుంటూ ఉంది.

“నువ్వు చేసింది సరైందే. నేనున్నా అట్లనే ఆగుందును,” అంది చివరికి.

“లింగేశ్వరి నిజం చెప్పి ఉంటే...”

“దాన్ని అడగాక.” గొంతు గట్టిపడింది. “దాని జోలికి పోవద్దు. అది చెప్పకుండా ఉండేదే మేలు. అట్ల ఉండమనే నేను కూడా చెప్తా దానికి. చెప్పినదాన్ని నేను, ఏమైనానో చూస్తుండావు కదా.”

ఆవిడ నోటి నుంచి ఆ మాట వినాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. బయటికి వచ్చి, దుప్పట్ల గదిలో తలుపేసుకుని ఏడ్చాను.

లాగ్ – 41

మేడం తనిఖీకి వచ్చారు. సువార్తక్క మంచం దగ్గర కాసేపు నిలబడ్డారు. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. మేడం మొహం పాలిపోయింది, అది నేను గమనించాను, గమనించి సంతోషించాను కూడా. ఎందుకు అబద్ధమాడాలి?

“చెయ్యి ఎందుకు పోయింది?” అని అడిగారు నన్ను.

“దుమ్ము మేడం. దింపడం ఆలస్యమైంది.”

“వార్డులో ఏమైనా తప్పు జరిగిందా?”

ఇన్నాళ్ళలో ఆవిడకు నేను దాచిన మాట ఒక్కటి లేదు. “ఏమీ లేదు మేడం,” అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! వార్డు నర్సులంతా కలిసి నాకు నేర్పించారు.

ఆవిడ గుండెల నిండా ఊపిరి తీసుకున్నారు. “చూసినావా, కూటం మొదలుపెట్టినప్పుడు వారానికి ఎన్ని తప్పులు వచ్చేవి! ఇప్పుడు ఒక్కటి లేదు. నీ వార్డు పద్ధతి కోర్సులో పాఠంగా పెట్టిస్తున్నా. కొత్త బ్యాచ్‌కు నువ్వే చెప్పాల.”

“ఏం చెప్పాలి మేడం?”

“జరిగింది జరిగినట్టు చెప్పు. చాలు.”

లాగ్ – 44

కొత్త బ్యాచ్‌కు ఇవాళ నా మొదటి క్లాసు. కళ్ళు తిప్పుకోకుండా వింటున్నారు పిల్లలు. రెండేళ్ళ కింద నేను అలాగే కూర్చునేదాన్ని. ఇందుమతి మేడం వెనక బెంచీలో కూర్చున్నారు, నేను బాగా చెబుతానని ఆవిడకు ఎంత నమ్మకమో.

కూటం అంటే ఏమిటో చెప్పాను. నేల మీద కూర్చోవడం, టీ, రాసుకోకపోవడం. అన్నీ చెప్పాను. ముందు వరసలో ఒక పిల్ల లేచింది. పత్తికొండ వైపు నుంచి వచ్చిందట, పేరు గంగోత్రి.

“మేడం, మేము చెప్పింది బయటికి పోదని ఎవరు హామీ? మీరా?”

నా దగ్గర తయారుగా ఉన్న జవాబు ఒకటుంది. మేడం నేర్పించిందే. నోటి దాకా వచ్చింది.

“నేను కాదు,” అన్నాను. “నేనూ హామీ ఇచ్చాను. నిద్రవార్డులో సువార్త అని ఒక సిస్టర్ ఉంది. నన్ను నమ్మి తన తప్పు నాకు చెప్పింది. నేను నా టీచరును నమ్మి ఆవిడకు చెప్పాను. ఇవాళ సువార్త సిస్టర్‌కు కుడి చెయ్యి పనిచెయ్యదు. మా వార్డులో తప్పుల్లేవని మీ పాఠంలో రాశారు చూడండి, అది అబద్ధం. తప్పులు ఉన్నాయి. నాకు చెప్పేవాళ్ళే లేరు.”

గంగోత్రి నిలబడే ఉంది. “ఆ టీచరు ఎవరికి చెప్పింది మేడం?” అంది.

“ఆవిడ వెనక బెంచీలోనే ఉన్నారు. అడుగు.”

బెంచీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. అందరి తలలూ వెనక్కి తిరిగాయి. మేడం లేచి నిలబడి, కొంగు సర్దుకుని, ఎంతో నిదానంగా, “మాబూ, బయటికి రా. మనిద్దరం మాట్లాడుకుందాం,” అన్నారు.

ఆ గొంతు విని లేచి వెళ్ళకుండా నేను ఏనాడూ ఉండలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

“మనిద్దరం వద్దు మేడం. వీళ్ళ ముందర చెప్పండి.”

మేడం నన్నే చూస్తున్నారు. పిల్లలు మేడాన్ని చూస్తున్నారు. గంగోత్రి ఇంకా కూర్చోలేదు.